బానెట్ మీద తడిగుడ్డ

డిటెక్టివ్ గ్యారేజీలోకి అడుగుపెట్టేసరికి పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ పన్నెండింటికి విలేకరులను రమ్మన్నాడు. అంటే ఆమెకు మిగిలింది నలభై నిమిషాలు.

"మేడమ్! మీరూ వచ్చేశారా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "భూతద్దం తెచ్చుకున్నారా, ఇంట్లో మరిచిపోయారా?"

డిపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు ఆమెకు భూతద్దం అని పేరు పడింది. పెట్టింది ఇతనే. అప్పట్లో ఇతను ఆమె దగ్గర పని నేర్చుకునేవాడు. జాడలు తొక్కకుండా ఎలా నడవాలో, సాక్షి తడబడినప్పుడు ఎంతసేపు ఊరుకోవాలో అన్నీ ఆమే నేర్పింది. ఇప్పుడు ఆమె రిటైరై, ఒక గదికి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని కూర్చుంది. అతని ఫొటో వారానికోసారి పేపర్లో వస్తోంది. ఆ వార్తలను ఆమె కత్తిరించి ఉంచుకుంటుంది. అతను ఎక్కడ తొందరపడ్డాడో, ఎవరిని ఏమి అడగడం మరిచిపోయాడో ఎర్ర పెన్సిల్‌తో పక్కన రాసుకుంటుంది. ఆ ఫైలు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నన్ను పిలిచింది ఈ కారాయన భార్య," అంది డిటెక్టివ్. "జరిగింది చెప్పు."

"చెప్పడానికి ఏముంది? కేసు అయిపోయింది."

ఆ భవనం కింద పార్కింగులో, ఒక మూల షట్టరు వేసుకునే గది అది. మధ్యలో నల్లకారు. ముప్పై ఏళ్ల నాటిది, మొదటిరోజు వేసిన రంగే ఇంకా ఉంది. గది యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు ర్యాంపు పక్కన గోడకున్న ఫోను నుంచి ఎవరో ఆడమనిషి అంబులెన్సుకు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా పెట్టేసింది. వాళ్లొచ్చి చూస్తే ఆయన కారు ముందు వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. స్పృహ లేదు. పక్కన జాకీ తిప్పే ఇనుప కడ్డీ. కుడిచేతి గుప్పిట్లో కారు తుడిచే బూడిదరంగు గుడ్డ.

"ఈ కారు తుడిచేది ఒక్కతే, ఆ చిన్నది," ఇన్‌స్పెక్టర్ షట్టరు వైపు చూపించాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు దూరదూరంగా నిలబడి ఉన్నారు. "రెండోది ఆమె తోడికోడలు, పెద్దది. బయట పార్కింగులో మిగతా కార్లు తుడుస్తుంది. ఆయనకూ చిన్నదానికీ మాటామాటా పెరిగింది, కడ్డీతో కొట్టింది, గుడ్డ ఆయన చేతిలో ఉండిపోయింది. ఫొటోల వాళ్లు, వేలిముద్రల వాళ్లు పని ముగించుకుని వెళ్లారు. కడ్డీ మీద ముద్రల్లేవు. తుడిచేసింది. తుడవడమే కదా దాని వృత్తి!"

తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

డిటెక్టివ్ నేల చూసింది. కారు ముందు గచ్చు మీద ఏదో నూనెలాంటి ద్రవం చుక్కలు చుక్కలుగా ఆరి ఉంది. ఆ చుక్కల మీదుగా ఒక బూటు మడమ జారిన చార, జానెడు పొడవు. చార చివర పనిబల్ల. దాని ఇనుప మూల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు.

"ఈ చార చూశావా?"

"చూశాను. కొడితే పడతాడు, పడితే జారతాడు."

తరవాత ఆమె కారు చూసింది. బానెట్ మీద ఒక పక్కగా ఇంకో బూడిదరంగు గుడ్డ, పూర్తిగా విప్పి చాపలా పరిచి ఉంది. అంచులు ఆరిపోయాయి. మధ్యలో ఇంకా చెమ్మ. వేలు పెట్టకుండా వంగి, కంటిని గుడ్డకు సమంగా తెచ్చి చూసింది. నున్నగా లేదు. అక్కడక్కడ సన్నని పొక్కుల్లా ఉంది.

తలెత్తింది. బానెట్‌కు సరిగ్గా పైన గోడకు ఒక చెక్క అర. దాని మీద మూతలేని డబ్బా ఒకటి ముందుకు ఒరిగి ఉంది. నేల మీద ఆయిల్ కారితే చల్లే ఇసుక డబ్బా.

ఇతను పైకి చూడలేదు. నేల చూడమని తను నేర్పింది. తలెత్తి చూడాలని మాత్రం ఎందుకో నేర్పలేదు. ఎందుకో ఆమెకు తెలుసు.

*

పదకొండున్నరకు పెద్దాయన భార్య మెట్లు దిగి వచ్చింది. ఆపరేషను జరుగుతోంది, లోపలికి రానివ్వడం లేదు. అందుకే ఆయన మందుల చీటీలు తీసుకెళ్లడానికి వచ్చానని చెప్పింది. వస్తూనే కారు వైపు ఒక చూపు చూసింది.

"చూశారా, దానికేం కాలేదు. మా సవతికి ఎప్పుడూ ఏమీ కాదు."

"సవతా?"

"మరేంటమ్మా? పొద్దున లేస్తే దాని మొహం చూడాలి. నాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చుకోమంటారు, దాని మీద ఒక చుక్క నీళ్లు పడితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు. సందుల్లోకి నీళ్లు దిగితే తుప్పు పడుతుందట. ముప్పై ఏళ్లుగా దానికి స్నానం లేదు, అయినా నాకన్నా శుభ్రంగా ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ నోటుపుస్తకం తెరిచాడు. "అంటే మీకు కారంటే కోపం."

"కోపం కాదు నాయనా, కడుపుమంట. అయితే నేను ఆయన్నెందుకు కొడతాను? ఒక మేకు తీసుకుని దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు గీకుతాను. ఆయన్ను కొట్టినదానికన్నా గట్టిగా తగులుతుంది."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూసేశాడు. డిటెక్టివ్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"ఆయన రోజూ ఎన్నింటికి ఇక్కడికి దిగుతారు?"

"పదిన్నరకు. గడియారం పెట్టుకోవచ్చు. ఇవాళే ముందు దిగారు. టిఫిను ప్లేటు ముందు కూర్చున్నారా, ఫోన్ మోగింది. అప్పుడు తొమ్మిదీ ఇరవై ఆరు, నేను వార్తలు చూస్తున్నాను, తెర మీద టైము ఉంది. ఆయన 'నిజమా? ఎన్నాళ్ల నుంచి?' అన్నారు. ఆ తర్వాత ఒక్క ముద్ద దిగలేదు. తొమ్మిదీ నలభైకి చెప్పులు కూడా కాదు, బూట్లేసుకుని దిగారు."

"ఫోన్ ఎవరు చేశారు?"

"అడిగితే చెబుతారా? దాని విషయాలు నాకు చెప్పరు."

"ఆ ఫోనుకూ దీనికీ సంబంధం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గేటు దగ్గర వాచ్‌మన్ గదిలోని ఫోన్ నుంచి వచ్చింది. ఎవరైనా చేసుకోవచ్చు, తాళం వెయ్యరు. నేను కనుక్కున్నాను మేడమ్. కొన్ని మేమూ కనుక్కుంటాం."

*

చిన్నదాన్ని కారుకు దూరంగా, డ్రైవర్లు కూర్చునే బల్ల దగ్గరకు తీసుకెళ్లి డిటెక్టివ్ మాట్లాడించింది. పాతికేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. కానీ కారు గురించి అడగగానే గొంతు సర్దుకుంది.

"ఎనిమిదీ పదికి వచ్చానండి, తొమ్మిదీ ఇరవైకి అయిపోయింది. ఇరవై అయిదుకి గేటు దాటాను, వాచ్‌మన్ పుస్తకంలో ఉంటుంది."

"నీళ్లు లేకుండా ఎలా తుడుస్తావు?"

"సీసాలో మందు ఉంటదండి, కొంచెం జారుడుగా. అద్దమంత ముక్క చూసుకుని కొట్టాలి, అర నిమిషం ఆగాలి. దుమ్ము నానుతుంది. గుడ్డని రెండు మడతలేస్తే ఎనిమిది ముఖాలొస్తాయి. ఒక ముఖంతో ఒక్కసారే, ఒకే వైపుకి, బరువెయ్యకుండా. ఒకసారి తుడిచిన ముఖం మళ్లీ బండికి తగలకూడదు. గుండ్రంగా తిప్పామంటే ఎండలోకెళ్లగానే సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. బండికి ఆరు గుడ్డలు. ఆరూ సంచిలో ఉన్నాయి చూడండి. ఆయన చేతిలోది నాది కాదు. బానెట్ మీద ఉందంటున్నారు, అదీ నాది కాదు."

"బండి మీద ఇసుక పడితే?"

"కుంచెతో దులుపుతాను. పోకపోతే ఆయన్ని పిలుస్తాను. ఇసుకుంటే గుడ్డ పెట్టొద్దన్నది అక్క. అంతకు మించి చెప్పలేదు."

"పని అక్కే నేర్పిందా?"

"అవునండి. పదకొండేళ్లు ఈ బండి అక్కదే. మూడు నెలల కింద ఆయన నాకిచ్చారు." చిన్నది కొంగు వేలికి చుట్టుకుంది. "నేను తుడిస్తే అద్దంలా ఉంటుందని నలుగురికీ చెప్పేవారు. అక్క ముందు కూడా చెప్పేవారు."

"అక్క ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. ఇంట్లో నా కంచం మాత్రం పక్కకి జరిపేది."

"నువ్వు వెళ్లాక ఇక్కడికి ఎవరొచ్చి ఉంటారు?"

చిన్నది నోరు తెరిచి మూసింది. "నాకు తెలీదండి," అంది చాలాసేపటికి.

డిటెక్టివ్ సంచిలోని ఆరు గుడ్డలూ విప్పి చూసింది. నలభై ఎనిమిది ముఖాల్లో నలభై ఒకటి నల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ సంచిలో సీలు వేసి ఉంచిన గుడ్డను, పెద్దాయన గుప్పిట్లో దొరికినదాన్ని, ప్లాస్టిక్ కవర్లోంచే వెలుతురుకు పెట్టి చూసింది. మడత చెదిరింది గానీ గీతలు తెలుస్తున్నాయి. వాడినవి రెండే రెండు ముఖాలు. వాటి మీద కూడా దుమ్ము లేదు. తడి తగిలిన లేత మరక, అంతే.

అప్పుడే తుడిచిన కారును మళ్లీ తుడిచిన గుడ్డ అది.

తుడిచిందాన్ని మళ్లీ ఎవరు తుడుస్తారు? ఇంకొకరి పని సరిగ్గా లేదని, తన చెయ్యి పడితే తప్ప అది పూర్తి కాదని అనుకునే మనిషి. ఎవరూ చూడకుండా ఆ పని చేసుకుని తృప్తిపడే మనిషి. డిటెక్టివ్‌కు బీరువాలోని ఎర్ర పెన్సిల్ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

గడియారం పదకొండూ నలభై రెండు చూపిస్తోంది.

షట్టరు దగ్గర నిలబడ్డ పెద్దదాన్ని చూసింది. నలభై ఏళ్ల మనిషి. చీర కుచ్చెళ్లు నడుముకు దోపుకుని, చేతులు కట్టుకుని ఉంది. ఆమె తన తోడికోడలి వైపు చూడటం లేదు, పోలీసుల వైపు చూడటం లేదు. బానెట్ వైపే చూస్తోంది.

డిటెక్టివ్‌కు అంతా అర్థమైంది. వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఊరుకుంటే? పద్దెనిమిది నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. కెమెరాల ముందు ఇతను చిన్నదాన్ని నిలబెడతాడు. రేపు పెద్దాయన కళ్లు తెరిచి అసలు సంగతి చెబుతాడు. ఎల్లుండి పేపర్లో ఇతని ఫొటో ఇంకో రకంగా వస్తుంది. దానికి ఎర్ర పెన్సిల్ కూడా అక్కర్లేదు.

పదకొండూ నలభై మూడు. నలభై నాలుగు. పది నిమిషాలు అలాగే పనిబల్ల పక్కన నిలబడి, ఇన్‌స్పెక్టర్ జేబుదువ్వెనతో తల దువ్వుకోవడం చూసింది. మహిళా కానిస్టేబులు మొహం కప్పుకోమని చిన్నదాని చేతికి తువ్వాలు ఇచ్చింది. చిన్నది ఆ తువ్వాలు చూసి, "మా అబ్బాయి బడిలో అందరూ టీవీ చూస్తారమ్మా," అంది మెల్లగా.

డిటెక్టివ్ గొంతు సవరించుకుంది.

"ఒక్క నిమిషం బాబూ. కెమెరాలొస్తున్నాయి కదా, కారు మీద ఆ తడిగుడ్డ ఏమీ బాగాలేదు. అందరినీ పిలువు. ఆ గుడ్డతోనే బానెట్ ఒకసారి తుడిచెయ్."

"నేనా?"

"ఫొటోలు అయిపోయాయన్నావు కదా. నీ చెయ్యి పడిపోతుందా?"

అతను విసుక్కుంటూనే వచ్చాడు. ఇద్దరు తోడికోడళ్లూ, పెద్దాయన భార్యా కారు ముందుకు వచ్చి నిలబడ్డారు. అతను అరచెయ్యి గుడ్డకు ఆనించాడు.

"నిదానంగా సార్," అంది చిన్నది ఏడుపు మధ్యలోనే, అలవాటు కొద్దీ. "మీ వైపుకి, నిలువుగా లాక్కోండి. గుండ్రంగా తిప్పొద్దు."

అతను వేళ్లు బిగించాడు.

"లాగకు!"

గ్యారేజీ అంతా మోగింది. పెద్దది రెండంగల్లో వచ్చి ఇన్‌స్పెక్టర్ మణికట్టు పట్టుకుంది. "చెయ్యి తియ్యి! కింద ఇసుకుంది! లాగావంటే రంగంతా చీరుకుపోద్ది!"

పెద్దదానికి తనేమన్నదో అప్పుడు వినిపించినట్టుంది. పట్టు వదిలి వెనక్కి జరిగింది.

"కింద ఇసుక ఉందని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా.

"ఎవరికీ తెలియదు, పరిచినవాళ్లకు తప్ప," అంది డిటెక్టివ్. "తలెత్తి చూడు. డబ్బా ఒరిగింది. చిన్నదే పరిచుంటే నిన్ను లాక్కోమని చెప్పదు. ఏమ్మా పెద్దమ్మాయ్, ఇది నువ్వు దానికి నేర్పని పని కదూ?"

పెద్దది తల వంచుకుంది. "అదొక్కటే నేర్పలేదు. అన్నీ ఇచ్చేస్తే ఇక నాకేం మిగులుద్దండి?"

"చెప్పు."

"రోజూ వచ్చేదాన్ని. అది వెళ్లిపోయాక. తాళంచెవి పాతది నా దగ్గరే ఉండిపోయింది. అది పై పైన తుడుస్తదండి. హెడ్‌లైటు కింద వంపు వదిలేస్తది, డోరు అంచు వదిలేస్తది. నేను మళ్లీ మొత్తం తుడిచేదాన్ని. పదిన్నరకి ఆయనొచ్చి 'చిన్నమ్మాయి చెయ్యి బంగారం' అనేవారు. నేను పక్క కారు తుడుస్తా వినేదాన్ని." ఆమె పనిబల్ల వైపు చూసింది. "ఇవాళ ముందే వచ్చారు. దాని మీద కుళ్లుతో బండి పాడుచేస్తన్నావా అని గుడ్డ లాక్కున్నారు. నేను వదల్లేదు. మందు కొట్టిన నేల మీద కాలు జారింది. పడతా పడతా అర పట్టుకున్నారు, డబ్బా ఒరిగింది. తల బల్లకి కొట్టుకుంది. నేను కొట్టలేదండి. నా పిల్లల మీదొట్టు."

"కడ్డీ?"

"అది ఎప్పుడూ అక్కడే పడుంటది. వారానికోసారి దాన్నీ తుడిచి పెట్టమంటారు."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది.

"పడింది ఎన్నింటికి?" అడిగింది డిటెక్టివ్.

"పది అవ్వడానికి ఆరేడు నిమిషాలుంది."

"అంబులెన్సుకు ఫోన్ చేసింది పదీ అయిదుకు. మధ్యలో ఏం చేశావు?"

పెద్దది కారు వైపు చూసింది. "గుడ్డ మందులో ముంచి పరిచాను. ఇసుక మెత్తబడి గుడ్డకి అంటుకోవాలి. అప్పుడు నిటారుగా పైకెత్తితే గీత పడదు. పది నిమిషాలు నానాలండి. అప్పుడు ఫోన్ చేశాను, తిరిగొచ్చి ఎత్తేలోపే మనుషులొచ్చేశారు."

"మనిషి కింద పడి ఉంటే?"

"ఆయన్ని చూశాను. చూశానండీ." ఆమె రెండు చేతులూ తన ముందు పెట్టుకుని వాటినే చూసుకుంది. "ముందు ఇసుకే కనపడింది."

పెద్దాయన భార్య కూర్చోవడానికి చెయ్యి చాచి, కారు తగలగానే వెనక్కి తీసుకుంది. "దీని చోట ఆయనున్నా అదే చేసేవారు," అంది.

ఇన్‌స్పెక్టర్ చేతిగడియారం చూసుకున్నాడు. పదకొండూ యాభై ఎనిమిది. పైన ర్యాంపు మీద వ్యాను తలుపులు మూసుకున్న చప్పుడైంది. అతను డిటెక్టివ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఈ డబ్బా మీరు ఎప్పుడు చూశారు?"

"వచ్చిన అయిదు నిమిషాల్లో."

"మరి ఇంతసేపూ?"

ఆమె జవాబు చెప్పలేదు. అతను కూడా మళ్లీ అడగలేదు. అది కూడా ఆమె నేర్పినదే.

పెద్దది ఒక్క నిమిషం కావాలని బతిమాలుకుంది. డిటెక్టివ్ తలూపింది. ఆమె గుడ్డ నాలుగు మూలలూ వేలికొసలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తిన్నగా పైకి ఎత్తింది. ఇసుక మొత్తం గుడ్డకే వచ్చింది. కింద నల్లరంగు మీద ఒక్క గీత లేదు. అందరి మొహాలూ అందులో కనిపించాయి.

చిన్నది ఆ మెరుపును కాసేపు చూసింది. "రోజూనా అక్కా?" అంది.

"ఎనభై ఏడు రోజులు."

"ఇందాక నన్ను పట్టుకెళ్తామన్నప్పుడు కూడా నోరు విప్పలేదే."

"ఒక్కరోజు," అంది పెద్దది. "ఒక్కరోజు నిన్ను అందరూ తిట్టుకుంటే విందామనిపించింది. సాయంత్రానికి చెప్పేసేదాన్ని."

చిన్నది ఆశ్చర్యపోలేదు. అది డిటెక్టివ్ కంట్లో పడింది. ఎనభై ఏడు రోజులు అన్నప్పుడు కూడా ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. ఎవరొచ్చి ఉంటారని అడిగినప్పుడు తెరిచి మూసిన ఆ నోరు గుర్తొచ్చింది. తొమ్మిదీ ఇరవై అయిదుకు గేటు దాటిన మనిషి. తొమ్మిదీ ఇరవై ఆరుకు గేటు దగ్గర నుంచి ఫోను. నిజమా, ఎన్నాళ్ల నుంచి?

"చిన్నమ్మాయ్," అంది డిటెక్టివ్. "ఆయన్ని ఇవాళ ముందే దిగమన్నది నువ్వే కదూ?"

చిన్నదాని చేతిలోంచి తువ్వాలు జారిపోయింది.

పెద్దది గుడ్డ పట్టుకునే వెనక్కి తిరిగింది. "నువ్వా?"

"నెల నుంచి తెలుసు," అంది చిన్నది. ఇప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. "నేను వదిలేసిన హెడ్‌లైటు కింద దుమ్ము మర్నాటికి ఉండేది కాదు. ఆయన నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నువ్వు పక్క కారు వెనక నవ్వుకుంటున్నావనిపించేది. నిన్ను ఆయన ఒక్కసారి పట్టుకుని తిడితే చాలనుకున్నా."

"మరి ఇందాక పోలీసులడిగితే నా పేరు చెప్పొచ్చుగా?"

"చెబితే," అంది చిన్నది, కారులో తన మొహం చూసుకుంటూ, "ఈ మెరుపు నాది కాదని నా నోటితో నేనే చెప్పాలి కదక్కా."

ర్యాంపు మీద అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత, ఎందుకో, డిటెక్టివ్ వైపు చూశాడు.